ఎన్ని దెబ్బలు కొట్టొచ్చు?

ప్లీడరు గారి ఫోను జేబులో గిలగిలా కొట్టుకుంది. పొద్దున కోర్టులో సైలెంటులో పెట్టింది, ఇంకా అలాగే ఉంది. చేసింది ఆయన కింది ఫ్లాటులో ఉండే డ్రిల్లు టీచరమ్మ.

"సార్, పట్టపగలు మా ఇంట్లో దొంగ దూరాడు. తలుపు తీసి ఉందని నేరుగా వచ్చి బాత్రూములో గడియ పెట్టుకున్నాడు. మా అత్తయ్య వెనక నుంచి చూసిందట. ఆ నడకే పాత నేరస్తుడి నడకట."

"నడక చూసి అలా తేల్చెయ్యకూడదమ్మా." ప్లీడరు గారు నొచ్చుకున్నారు.

"లోపల కుళాయి కూడా విప్పుకున్నాడు సార్, ఎంత పొగరో చూడండి. నా చేతిలో ఇనప పెనం ఉంది. అత్తయ్య చేతిలో కుక్కరు మూత. మా ఇంట్లో మేం ఎన్ని దెబ్బలు కొట్టొచ్చు?"

ప్లీడరు గారికి చెమటలు పట్టాయి. తలలు పగలగొట్టాక సలహాకి వచ్చేవాళ్ళే గానీ, ముందే అడిగినవాళ్ళు ఆయన సర్వీసులో లేరు.

"ఒక్కటి కూడా వద్దు తల్లీ. వాడు మీ మీదికి వస్తే, ఆపడానికి ఎంత కావాలో అంతే. ఎదురు తిరగనివాణ్ణి కొడితే నేరం మీదవుతుంది."

"ఇల్లు మాది కదా సార్?"

"ఇల్లు మీదే. తల వాడిది."

"దొంగ తరఫున మాట్లాడుతున్నట్టున్నారే. గొంతేంటి, గుసగుసలాడుతున్నారు?"

"పక్కనే మనుషులున్నారమ్మా."

"పోనీ, ఓసారి కిందికి రండి."

"కదిలే పరిస్థితి లేదు."

"అయితే పోలీసుల్ని పిలుస్తా."

"అయ్యయ్యో, బిల్డింగంతా పోగవుతుంది. పరువున్నవాళ్ళం." ప్లీడరు గారు గొంతు సవరించుకున్నారు. "కొట్టం, బయటికి రా అని మర్యాదగా చెప్పండి. చేతులెత్తి వచ్చినవాణ్ణి మాత్రం ముట్టుకోకూడదు. మీ అత్తగారి చేత కూడా మాట ఇప్పించండి."

అవతల కాసేపు అత్తాకోడళ్ళ వాదన నడిచింది. పెద్దావిడకి ఈ చట్టం బొత్తిగా నచ్చలేదు.

"సరే సార్, ఒప్పుకుంది. మూత కింద పెట్టేసింది."

"పెనం?"

"అదీ పెట్టేశాను."

ఒక అంతస్తు ముందే లిఫ్టు దిగేసిన ప్లీడరు గారు ఫోను జేబులో వేసుకుని, గడియ తీసి, రెండు చేతులూ పైకెత్తి, టీచరమ్మ బాత్రూములోంచి బయటికొచ్చారు.