కలశం ఎటు జరిగింది

సముద్రం అడుగు రాతిపలక నేల పలక కిందికి దూరేచోట నీళ్లు ఎక్కించి జారనిస్తే, పెద్ద భూకంపం చిన్న చిన్న కుదుపులుగా తీరిపోతుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో ఇప్పుడు ఆ కుదుపులకు వీధికో వేళ. మా వీధికి పదీ నలభై. అది మరచి ఆ వేళకే సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. మూడో కథలో ఇల్లు ఊగి, కలశం జరిగింది.

"కలశం కదిలితే ఉద్వాసనే. స్వామి వెళ్లిపోయారమ్మా" అంటూ పంతులుగారు సంచీ అందుకున్నారు.

"ప్రసాదం పెట్టకుండా సాగనంపేత్తామేటి?" మా ఆవిడ వరహాలమ్మ వంగి చూసింది. "ఉద్వాసనంటే ఉత్తరానికి కదండీ జరపాల? ఇది దక్షిణానికి జరిగింది. స్వామి ఇక్కడే ఉన్నాడు."

పంతులుగారు సంచీ కింద పెట్టి నాలుగో కథ మొదలుపెట్టారు.

కుదుపులో కలశాన్ని దక్షిణానికి నెట్టింది వరహాలమ్మ మోచెయ్యే. నేను చూశాను. స్వామి మాత్రం చూడలేదంటారా? చూసి కూడా, ప్రసాదం కోసం ఆగి ఉంటాడు.