ట్రామ్ కదలని రోజు

"ఇది వంటవాళ్ళ పండగ. పిలవని మగవాళ్ళకి చోటు లేదు," అంది నికొలాసా.

"కాసేపు చూసి పోతానమ్మా," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ముసలాయన.

బొలీవియాలోని లా పాజ్ నగరంలో వంటకత్తెల సంఘానికి ఆ రోజుతో యాభై ఏళ్ళు. పండగపూట మనిషిని పస్తు పంపడానికి ఆమెకి మనసొప్పలేదు. లోపల కూర్చోబెట్టి, గిన్నెడు వేరుశనగ సూపు పోసింది.

వేదికమీద కాలేజీ మాస్టారు మాట్లాడుతున్నాడు. యుద్ధంలో ఓడిపోవడం, తగరం ధర పడిపోవడం... దేశం మారింది వాటివల్లేనట.

"మరి మేమేం చేసినట్టో!" నవ్వింది నికొలాసా.

"ఏం చేశారమ్మా?"

"మా బుట్టలు తగిలి దొరసానుల మేజోళ్ళు చిరుగుతున్నాయని మమ్మల్ని ట్రామ్ ఎక్కనివ్వద్దని ఆర్డరేశారు పెద్దాయనా. సంతనుంచి అంత బరువూ మోసుకుని ఎత్తెక్కాలి. ఓ రోజు పోయి పట్టాలమీద కూర్చున్నాం. అందరికంటే ముందు నేనే."

"భయం వెయ్యలేదూ?"

"వెయ్యకేం! కళ్ళు మూసుకున్నా. గంట మోగుతూనే ఉంది. తెరిచేసరికి చక్రం ఇదిగో, జానెడు దూరంలో."

"మరి డ్రైవరు?"

"వాడా! పోలీసుల్ని చూసి కుందేల్లా పరిగెత్తాడు. ఇప్పటికీ వాడి పరుగు నటించి చూపించి నవ్వుకుంటాం. పిరికిసన్నాసి! మరియమ్మ తల్లి మహిమ, సాయంత్రందాకా ఆ బండి కదిల్తే ఒట్టు. వెనకాల ట్రాములన్నీ ఆగిపోయాయి. ఈలోగా ఊళ్ళో వంటవాళ్ళంతా వచ్చి వీధి నింపేశారు. దెబ్బకి ఆ ఆర్డరు రద్దయింది. కూర్చున్నవాళ్ళమే ఈ సంఘం పెట్టాం. మమ్మల్ని చూసి పూలమ్మేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు... ఇంక ఆగలేదు."

ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు.

"సూపు బావుందమ్మా," అని లేచి వెళ్ళిపోయాడు.

ఆయన అటు వెళ్ళగానే మైకు సరిచేస్తున్న సెవెరో పరుగున వచ్చాడు. ఒకప్పుడు ట్రామ్ షెడ్డులో మెకానిక్కు.

"ఇక్కడున్న పెద్దాయనేడీ, దొన్యా నికొలాసా?"

"ఇప్పుడే వెళ్ళాడు. ఎవరూ?"

"ఎర్మోహెనెస్! రెండేళ్ళు జైల్లో ఉన్నాడు. తర్వాత ఏ షెడ్డులోనూ పని దొరకలేదు. చచ్చిపోయాడనుకున్నాం."

నికొలాసా వీధిలోకి వచ్చి చూసింది. జనం. ఆయన జాడ లేదు.

"ఏం చేశాడని జైలు?"

సెవెరో ఆమెకేసి వింతగా చూశాడు.

"మీకు తెలీదా? మిమ్మల్ని తొక్కించుకుంటూ పొమ్మని పోలీసులు తుపాకీ గురిపెడితే, బండి నడిపే పిడి ఊడబెరుక్కుని పరిగెత్తింది ఆయనే దొన్యా. అది లేకుండా ఆ ట్రామ్‌ని ఎవడూ కదిలించలేడు!"