నియోజకవర్గంలో చివరి ఇల్లు

ఒకప్పుడు కొండవీధి నియోజకవర్గమంటే రేవు నుంచి కొండ దాకా సగం పట్నం. రోజూ తెల్లారేసరికి తలలు లెక్కపెట్టి, అన్ని నియోజకవర్గాలకూ సమానంగా వచ్చేలా హద్దులు మార్చే యంత్రం వచ్చింది. జనం పెరిగేకొద్దీ కొండవీధి నాలుగు సందులకు కుంచించుకుపోయింది. ఇప్పుడు చివరి ఇల్లు గవరయ్యది. ఒక్క తల పెరిగినా ఆ ఇల్లు అవతలి నియోజకవర్గంలో పడుతుంది, ఇవతలి వీధికుళాయి దగ్గర వంతు ఆపేస్తారు.

కూతురు పైడితల్లికి తొలి పురుడు పుట్టింట్లోనే పోయాలి.

"పురిటింట్లో నీళ్లు నేకపోతే ఎలాగ?" అంది భార్య సన్యాసమ్మ.

గవరయ్య ఆలోచించి, సంచిలో రెండు పంచెలు పెట్టుకుని, అవతలి నియోజకవర్గంలో ఉన్న అల్లుడింటికి వెళ్లాడు. కూతురు ఇటొచ్చింది. లెక్క సరిపోయి హద్దు కదలలేదు.

"పురిటికి మీరొచ్చారేటి అన్నయ్యా?" అని వియ్యపురాలు నవ్వి, చాప వేసింది.

నెల తిరిగాక ఫోనొచ్చింది. ఆడపిల్ల. గవరయ్య సంతోషించాడు. ఆ వెంటనే కుళాయి గుర్తొచ్చి కూర్చుండిపోయాడు. పుట్టిన పిల్లదీ ఒక తలే. ఇల్లు వదిలి రావడానికి తను ఒక్కడే, ఇప్పటికే వచ్చేశాడు.

సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. తీస్తే కొండవీధిలో తన పక్కింటి అప్పన్న. కుళాయి దగ్గర వంతు కోసం ఏళ్ల తరబడి గవరయ్యతో పోట్లాడిన మనిషి. చంకలో దిండు ఉంది.

"ఏట్రా, ఇలాగొచ్చావు?"

"నీ మనవరాలికి చోటిచ్చి వొచ్చాను. ఆ చాప మీద కాస్త జరుగు."

గవరయ్య జరిగాడు.