ప్రార్థనాంశం

మా కోళ్ళగూటికి రెండు గడియలు, పైన ఒక తాళం.

ముంగిస తవ్వకుండా కింద సిమెంటు. చుట్టూ చిటికెనవేలు కూడా దూరని ఇనుప వల. పైన రేకు. కనకాలపేటలో ఇంత గట్టి గూడు ఇంకొకటి లేదని నాకు గర్వంగానే ఉండేది.

యూట్యూబ్‌లో ఎనిమిది వీడియోలు చూసి కట్టించాను మరి.

లోపల ఆరు పెట్టలు. వాటి తిండి నూకలు, మిగిలిన అన్నం. తిండి గురించి నేను ఏ వీడియో చూడలేదు.

తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర. పొద్దున్నే బడికి వెళ్ళిపోతాను కాబట్టి రెండోది పక్కింటి దీనమ్మత్త దగ్గర. ఆవిడ నాలుగిళ్ళలో పాచిపని చేసుకుంటూ, మధ్యలో వచ్చి మా కోళ్ళకి నీళ్ళు పోసి వెళ్ళేది.

"కృపమ్మా, ఉత్త నూకలేనా? ఆల్చిప్పలు దంచి కలపవే. ఆటికి పెంకు ఎక్కణ్ణించి వస్తదనుకున్నావ్?" అనేది.

"చూద్దాంలే అత్తా" అనేదాన్ని. చదువుకున్నదాన్ని కదా. ఆరో తరగతి పిల్లలకి కాల్షియం పాఠం చెప్పేది నేనే.

కొన్నాళ్ళకి గుడ్లు తగ్గాయి. రోజుకి నాలుగు వచ్చేవి రెండయ్యాయి. ఆ తర్వాత అవీ లేవు.

"ఇయ్యాల కూడా లేవే" అని దీనమ్మత్త గోడ మీంచి చెప్పేది.

వల అంతా తడిమి చూశాను. కింద సిమెంటు చూశాను. ఎక్కడా చిన్న కన్నం లేదు.

ముంగిస రాదు. పిల్లి రాదు. పాము దూరే సందు లేదు. ఇక రాగలిగింది మనిషి చెయ్యే.

ఆ మాట దీనమ్మత్తని మొహం మీద అడిగే ధైర్యం నాకు లేదు. బుధవారం చర్చిలో స్త్రీల కూడికలో, దేనికోసం ప్రార్థించాలో చెప్పమని ప్రార్థనాంశాలు అడిగితే లేచి నిలబడ్డాను.

"మా గూట్లో గుడ్లు పోతన్నాయండి. ఆ తీసే చేతిని ప్రభువు మార్చాలని ప్రార్థన చెయ్యండి."

పేరు చెప్పలేదు. పేరు చెప్పడం తప్పు కదా.

రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడున్న అందరికీ తెలుసు. పాస్టరమ్మగారు ఆ చేతి కోసం పది నిమిషాలు ప్రార్థించారు. దీనమ్మత్త నా వెనకే కూర్చుని ఉంది.

మర్నాడు పొద్దున తాళంచెవి మా గడప మీద ఉంది.

అయినా గుడ్లు రాలేదు. మారు తాళంచెవి చేయించుకుని ఉంటుంది అనుకున్నాను. అనుకోవడానికి నాకు సిగ్గు కూడా వెయ్యలేదు.

రెండిళ్ళవాళ్ళు ఆవిడని ఇక పనికి రావద్దన్నారని తెలిసింది. నిప్పు లేనిదే పొగ రాదులే అనుకున్నాను. ఆ పొగ పెట్టింది నేనే.

రెండో శనివారం బడికి సెలవు. పది గంటలప్పుడు నీళ్ళు పోద్దామని గూటి దగ్గరికి వెళ్ళాను.

ఎర్రపెట్ట అప్పుడే గుడ్డు పెట్టి లేచింది. వెనక్కి తిరిగి ఒక్క పోటు పొడిచింది. పెంకు కాగితంలా చిరిగిపోయింది. మిగతా అయిదూ పరుగెత్తుకొచ్చాయి. పెంకుతో సహా తినేశాయి.

ఊక మీద చిన్న తడి మిగిలింది.

కాల్షియం చాలక వాటి గుడ్లు అవే తింటున్నాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను, ఆ కోళ్ళ ముందు కూడా.

సాయంత్రం దీనమ్మత్త ఇంటికి వెళ్ళాను. పెరట్లో చేపలకి పొలుసు తీస్తోంది.

"అత్తా, కోళ్ళే తినేస్తన్నాయి. నువ్వు తియ్యలేదని ఇప్పుడు తెలిసింది. నన్ను క్షమించు."

ఆవిడ చెయ్యి ఆగలేదు.

"తియ్యలేదని నాకు మొదట్నించీ తెలుసు కదే. నాకెందుకు చెప్తన్నావ్? కూడికలో చెప్పు."

"చెప్తానత్తా."

ఆల్చిప్పలు తెచ్చి దంచి పోశాను. యానాం బజారులో గుడ్ల కోళ్ళ దాణా కొన్నాను. గుడ్లు పెట్టే చోట చీకటిగా ఉండేలా గోనెపట్టా కట్టాను. ఇదంతా చకచకా చేశాను. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు.

ఒక బుధవారం జ్వరమన్నాను. ఇంకో బుధవారం పేపర్లు దిద్దాలన్నాను.

మూడో బుధవారానికి గుడ్లు వచ్చాయి. పెంకు గట్టిగా ఉంది. డజను గుడ్లు కానుకగా పట్టుకుని కూడికకి వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలని దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను.

దీనమ్మత్త గుమ్మం దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది.

ప్రభువు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పమన్నారు. లేచాను.

"మా కోళ్ళ గుడ్లు మళ్ళీ వస్తన్నాయండి..."

"హల్లెలూయ!" అంటూ సరోజిని చప్పట్లు కొట్టింది. దీనమ్మత్తని ముందుగా పని మాన్పించింది వాళ్ళే. "చూశారా, ప్రభువు ఆ చేతిని మార్చేశాడు!"

అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. కొందరు దీనమ్మత్త వైపు తిరిగి ఎంతో ప్రేమగా నవ్వారు, తప్పిపోయిన గొర్రె దొరికినట్టు.

నా దగ్గర సగం మాట ఇంకా ఉంది. అది చెబితే ఈ చప్పట్లన్నీ ఏమవుతాయి? రేపు ఈ టీచరమ్మ మొహం ఎవరు చూస్తారు?

దీనమ్మత్త ఎవరి నవ్వుకీ బదులు నవ్వలేదు. నా వైపే చూస్తోంది.

చప్పట్లు ఆగాయి.

"ఇంకేవన్నా ఉందా కృపారాణీ?" అని అడిగారు పాస్టరమ్మగారు.

"లేదండి" అన్నాను.