కాగుతున్న ఇంజను

నిజాం సర్కారు తపాలా మోసే ఆనందం తన పాత మోటారు సైకిలుతో మళ్లీ పంజగుట్ట షెడ్డుకొచ్చాడు. ఆయిలు టాంకు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. ఆయిలు మార్చినా, పంపు కడిగినా, ఇగ్నిషన్ టైమింగు సరిచేసినా అదే వరస. మెకానిక్ ఓదెలుకు విసుగెత్తింది.

తానే బేగంపేట దాకా తోలి చూశాడు. బండి అంతగా కాగలేదు.

"ఇప్పుడు నువ్వు తోలు" అని ఓదెలు ఆనందం వెనక కూర్చున్నాడు. అమీర్‌పేట వచ్చినా ఆనందం మొదటి గేరు దాటలేదు.

"గాలి తగలకుంటే ఇంజను ఎట్ల సల్లబడ్తది? జర జోరుగ తోలు!" అని అరిచాడు ఓదెలు.

ఆనందం బండి ఆపేశాడు.

"ఎదురొచ్చే బండ్లు మీదికొచ్చేదాక కనబడ్తలేవన్నా. నౌకరీ పోతదని ఇంట్ల సుత చెప్పలే."

ఓదెలు దిగి ముందుకొచ్చాడు.

"ఎనకకు జరుగు తమ్మీ."