చంపని కాయ

"మోసపూరితంగా ఆడినందున మీ రెండు ఖాతాలనూ మూసివేశాం."

ఫోన్‌లో ఆ ముక్క చూడగానే కృపాజ్యోతికి ఒళ్లు మండింది. లూడో ఆటలో రెండు ఖాతాలంటే ఒకటి తనది, రెండోది దుబాయ్‌లో ఉన్న భర్త దేవరాజ్‌ది. తను మోసం చేయలేదు. మరి చేసిందెవరు?

ఈ అనుమానం ఇవాళ్టిది కాదు. రోజూ సాయంత్రం తను పనిచేసే కామారెడ్డి బట్టల షాపు నుంచి ఎల్లారెడ్డిలోని ఇంటికి చేరి, కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చునేసరికి దేవరాజ్ ఆటలో సిద్ధంగా ఉండేవాడు. ఒక్క రోజు తప్పలేదు. అదే మనిషి మొన్న శుక్రవారం ఫోన్ చేసినప్పుడు ఆట సంగతి ఎత్తితే "ఏ ఆట?" అన్నాడు. మనిషికి బదులు ఆడిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉంటాయని బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. తనను ఓ యంత్రానికి అప్పగించి ఆయన ఎక్కడ, ఎవరితో తిరుగుతున్నాడో.

"కంపెనీకి ఫోన్ చేస్త అత్తమ్మా. ఇయ్యాల తేలిపోవాలె," అంది.

రోజూ ఈ వేళకు లోపలి గదిలో నడుం వాల్చే సాలవ్వ ఇవాళ ఎదురుగానే కూర్చుని బీడీలు చుడుతోంది. తలెత్తకుండానే అంది. "ఎందుకు బిడ్డా. ఆట పోతే పోయె. బువ్వ తిను."

"ఆట కోసం కాదు. మీ కొడుకు సంగతి తెల్వాలె."

సాలవ్వ చేతిలో ఆకు చిరిగింది. కొడుకును వెనకేసుకొస్తోందని కోడలికి ఇంకా మండింది. నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. కంపెనీ నుంచి ఓ అమ్మాయి పలికింది.

"మా ఆయన సాఫ్ట్‌వేర్ పెట్టి ఆడిపిచ్చిండా మేడమ్? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

ఆ అమ్మాయి కాసేపు వెతికి, "లేదండీ. సాఫ్ట్‌వేర్ అయితే పాచిక పడ్డాక ప్రతిసారీ ఒకే వేగంతో కాయ జరుపుతుంది. తాకిన చోటే మళ్లీ మళ్లీ తాకుతుంది. ఈ ఖాతాలో అలా లేదు. ఒకసారి చాలాసేపు ఆలోచించారు, ఒకసారి వేలు పక్కన పడింది. ఆడింది మనిషే," అంది.

కృపాజ్యోతికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. మనిషే ఆడాడు. ఇన్నాళ్లూ ఉత్త పుణ్యానికి ఆయన్ను తిట్టుకుంది. కళ్లు తుడుచుకుని అత్త వైపు చూసి నవ్వింది. సాలవ్వ నవ్వలేదు.

"మరి మోసమేంది మేడమ్?"

"మీ కాయను చంపే వీలున్నా ఆయన ఒక్కసారీ చంపలేదు. కావాలనే ఓడిపోతున్నారు. ఇద్దరు ఒకే దగ్గర కూర్చుని, ఒకరు ఓడిపోతూ ఇంకొకరిని పైకి తేవడం మా దగ్గర మోసం కిందికే వస్తుంది."

పెళ్లాన్ని గెలిపించడం కూడా నేరమేనట. కృపాజ్యోతికి సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఒక్క దగ్గర ఎట్ల కూసుంటం మేడమ్? ఆయన దుబాయ్‌ల ఉన్నడు."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"ఆయన సంగతి నాకు తెలీదండీ. క్రిస్మస్ తర్వాత నుంచి ఈ రెండు ఫోన్లూ ఒకే ఇంటి వైఫై మీద నడుస్తున్నాయి. ఆ రెండో ఫోన్ మీ ఇంట్లోనే ఉంది."

"మా ఇంట్ల ఉండేదే మేమిద్దరం..." అంటూ కృపాజ్యోతి మధ్యలోనే ఆగిపోయింది. క్రిస్మస్‌కు వచ్చిన దేవరాజ్ కొత్త ఫోన్ కొనుక్కుని, పాతది ఎవరికిచ్చి వెళ్లాడో అప్పుడు గుర్తొచ్చింది.

సాలవ్వ ఒళ్లోని బీడీల చాట పక్కకు పెట్టింది. కోడలి కళ్లలోకి చూడలేక నేల చూస్తూ అంది.

"వాడు ఆడుడు మానేసిండు బిడ్డా. నువ్వు దినాము ఆ ఫోన్ పట్టుకొని వాని కోసం కూసుంటుంటే చూడలేక నేనే ఆడిన. నీ కాయను చంపనీకి మాత్రం చెయ్యి రాలే."