మూడో చుట్టు

"రెండే తిరిగింది. ఒకటి ఎగ్గొట్టింది."

కుర్చీలోంచి లేవకుండానే చెప్పింది చుట్లు లెక్కపెట్టే ముసలమ్మ.

పోటీ ముగిసి పావుగంట కూడా కాలేదు. ఇల్వా మూడో స్థానంలో వచ్చిందని అప్పటికే నలుగురు ఆమెను కావలించుకున్నారు. అంతలోనే ఫలితాల పలక మీద ఆమె పేరు మూడు నుంచి పంతొమ్మిదికి జారింది.

ఆ ఆట అలాంటిది. స్కీల మీద పరిగెత్తుకొచ్చి, రొప్పుతూనే తుపాకీ ఎత్తి ఐదు నల్ల బిళ్ళలు కొట్టాలి. ఎన్ని తప్పితే అన్ని పెనాల్టీ చుట్లు తిరగాలి. తిరిగితే చుట్టుకి పోయేది అరనిమిషం లోపే. తిరగకపోతే మాత్రం రెండు నిమిషాల శిక్ష.

ఇల్వాకి మూడు తప్పాయి. రెండో చుట్టులో ముందున్న పిల్ల బోర్లా పడింది. దాన్ని తప్పించుకునే హడావుడిలో ఇల్వా లెక్క తప్పింది. తిరిగింది రెండో మూడో ఆమెకే తెలియదు. ఊపిరాడనప్పుడు లెక్కలెవరికి గుర్తుంటాయి?

దేశం జట్టులో ముగ్గురికే చోటు.

ఇల్వాకి ముప్పై మూడేళ్ళు. పదేళ్ళు వట్టి స్కీల మీదే పోటీ చేసింది. ఇక కాళ్ళలో పస లేదని పెద్దలు పక్కన పెడితే, ఇరవై తొమ్మిదో ఏట తుపాకీ పట్టి, పదిహేనేళ్ళ పిల్లల పక్కన మంచులో బోర్లా పడుకుని గురి నేర్చుకుంది. జట్టులో చేరడానికి ఇదే ఆఖరి ఎంపిక పోటీ.

విసవిసా క్లబ్బు గుడిసెలోకి వెళ్ళింది. కార్యకర్తలంతా సూపు తాగుతున్నారు.

"నువ్వేనా గీతలు పెట్టింది?"

ముసలమ్మ గాలి లోపలికి పీల్చింది. వాళ్ళుండే యెమ్ట్‌లాండ్ అడవుల్లో అవునని చెప్పడమంటే అలా గాలి పీల్చడమే. దానికి నోరు తెరవడం కూడా దండగే వాళ్ళకి.

"ఇంకెవరు చూశారు?"

"ఎవరూ లేరు. నా పక్క మనిషికి జ్వరం."

"అయితే ఇంకో గీత పెడితే నీ సొమ్మేం పోయేది?"

"తిరగలేదుగా."

"అది నా బతుకు! పద్నాలుగేళ్ళు!"

"తెలుసు."

"తెలిస్తే ఇంకొకటి ఉందని నోరు విప్పి చెప్పొచ్చుగా! రాయిలా కూర్చున్నావా?"

క్లబ్బు కార్యదర్శి రూనె అడ్డొచ్చాడు. "అమ్మాయ్, లెక్కపెట్టేవాళ్ళు మాట్లాడకూడదు. మాట్లాడితే సాయం చేసినట్టు. ఇరవై ఆరేళ్ళుగా ఆ కుర్చీలో ఉంది సిగ్నె. సొంత మనవరాలు చుట్టు మరిచిపోయి పోతున్నా పెదవి కదపలేదు."

"గొప్పే! మనిషా, యంత్రమా?"

ముసలమ్మ ఏదో అనబోయి ఆగిపోయింది. తన ముందున్న కాఫీ కప్పును ఇల్వా వైపు జరిపింది.

ఇల్వా దాన్ని చేత్తో ఒక్క తోపు తోసింది. కాఫీ అంతా ముసలమ్మ ఒళ్ళో పడింది.

"చల్లారిందేలే," అంది సిగ్నె, చేతితొడుగుతో ఒళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడే ఇల్వా క్లబ్బుకి ఉత్తరం రాసింది. ఆ ముసలిదానికి కళ్ళు కనపడవు, పైగా ఒళ్ళంతా ఈర్ష్య, వెంటనే తీసేయండి అని.

జట్టు ఆమె లేకుండానే వెళ్ళింది. ఇల్వా తుపాకీ అమ్మేసి కలప కోత మిల్లులో పనికి కుదిరింది. మళ్ళీ మంచు పడేనాటికి, చుట్టు దగ్గర సిగ్నె కూర్చోవడం లేదని తెలిసింది. తగిన శాస్తి జరిగిందనుకుంది. ఆ సంబరం మధ్యాహ్నం భోజనం దాకా కూడా నిలవలేదు. ఒళ్ళో కాఫీ పడ్డ ముసలిదాని ముఖమే కళ్ళ ముందు కదిలింది.

జనవరిలో రూనె మిల్లుకి వచ్చాడు.

"ఆదివారం పోటీలున్నాయి. చుట్టు దగ్గర మనిషి లేడు. నువ్వు కూర్చుంటావా?"

"నేనా? వెక్కిరిస్తున్నావా?"

"వెక్కిరించడానికి ఈ మంచులో ఇరవై కిలోమీటర్లు రావాలా? నిజంగానే ఎవరూ దొరకలేదు."

"ముసలమ్మని తీసేశారుగా, నా ఉత్తరం చూసి."

"నీ ఉత్తరమా? అది విప్పనేలేదు. ఓడినవాళ్ళ ఉత్తరాలు మంచు కరిగేదాకా విప్పం. అప్పటికి వాళ్ళే వచ్చి తిరిగి ఇమ్మంటారు. నువ్వు రాలేదు గానీ, నీది ఇంకా అలాగే పడుంది. సిగ్నె తనంతట తనే తప్పుకుంది."

ఇల్వా చేతిలోని కర్ర కింద పెట్టింది.

"ఎందుకు?"

"అది నేను చెప్పలేను."

"అయితే నన్ను ఆవిడ ఇంటికి తీసుకెళ్ళు, రూనె. నేను... క్షమించమని అడగాలి. ఆ కాఫీకి, ఆ మాటలకి."

రూనె టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పోయిన శనివారం పూడ్చేశాం, అమ్మాయ్. పదకొండు మందిమి వెళ్ళాం."

అతను కోటు లోపలినుంచి చుట్ల లెక్కలు రాసే పాత పుస్తకం తీసి ఆమెకిచ్చాడు. తన తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళకి ఇవ్వమని సిగ్నె చెప్పిందట.

ఇల్వా తను ఓడిన రోజు పేజీ వెతికింది. తన సంఖ్య ఇరవై ఏడు. తిరగాల్సినవి మూడు, తిరిగినవి రెండు.

కింద అదే చేతిరాతలో ఇంకో రెండు వరుసలున్నాయి.

"ఇరవై ఏడు బయటికి పోతుంటే ఇంకొకటి ఉందని నేను మూడుసార్లు అరిచాను, పాపం ఆ పిల్లకి వినపడలేదు. లెక్కపెట్టే మనిషి అరవకూడదు కనుక ఇకపై నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టకండి."